మా ముంగిట్లో అమ్మకం బోర్డు

సెప్టెంబర్ 16, 2007. ఆదివారం

రక్తపోటు తగ్గాలంటే అరవడం మానేసి రాసుకోమన్నాడు డాక్టర్. ముప్పై ఒక్క ఏళ్లుగా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌గా అరిచి బతికినవాణ్ణి. అయినా లావోన్ ఈ నోటుబుక్కు కొని తెచ్చి కాఫీ కప్పు పక్కన పెట్టింది. పెళ్లాం మాట, డాక్టర్ మాట ఒకటే అయినప్పుడు తప్పించుకునే దారి ఉండదు. రాస్తున్నాను.

నిన్న రెండో ఆట కూడా ఓడాం. 31-6. ఆ ఆరు పాయింట్లు కూడా అవతలివాడు బంతి జారవిడిచి మావాడి చేతిలో పడేస్తే వచ్చినవి.

పొద్దున పేపరు కోసం బయటికి వెళ్తే ముంగిట్లో గడ్డి మధ్య ఒక చెక్క బోర్డు పాతి ఉంది. ఎర్ర రంగుతో 'ఇల్లు అమ్మకానికి' అని రాశారు. ఓడే కోచ్ ఇంటి ముందు ఇలాంటివి మొలవడం మామూలే. కాన్సస్‌లో ఉన్నప్పుడు నాకు రెండు మొలిచాయి.

ఎదురింటి పోస్పిషిల్ గారు అప్పటికే కిటికీ తెర పక్కకి లాగి నిలబడి ఉంది. ఎనభై రెండేళ్ల మనిషి. ఈ వీధిలో ఆమెకి తెలియకుండా పిల్లి కూడా రోడ్డు దాటదు.

"ఇద్దరొచ్చారు మెర్ల్," అంది. "ఒకడు గుమ్మమంత ఉన్నాడు. గొయ్యి మాత్రం శుభ్రంగా తవ్వాడు."

మట్టిలో అడుగులు చూశాను. పదిహేనో నెంబరు బూట్లు. ఆ సైజు బూట్లు ఈ ఊళ్లో ఒక్కడికే ఉన్నాయి: నా జట్టులో ఎడమవైపు కాపు కాసే కోబ్జా. శనివారం ఎదుటివాణ్ణి అంగుళం కూడా కదపలేనివాడు, అదే రాత్రి నా గడ్డిలో అడుగున్నర లోతు తవ్వాడు.

బోర్డు పీకి గ్యారేజీలో పడేశాను. ఇలాంటివి నేను పట్టించుకోను.

సెప్టెంబర్ 17

సోమవారం టిఫిన్ సభ. ఊరి పెద్దలు, పాత విద్యార్థులు పాన్‌కేకులు తింటూ నేను శనివారం ఏం తప్పు చేశానో చెప్పే సభ. దంతవైద్యుడు నాకు దాడి నేర్పాడు. ఎరువుల కొట్టాయన రక్షణ నేర్పాడు.

చివర్లో కాలేజీలో ఆటలన్నింటికీ పెద్ద అయిన డెన్నీ క్రూస్ లేచాడు. "కోచ్ హోస్టెట్లర్ మీద మాకు సంపూర్ణ విశ్వాసం ఉంది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా వృత్తిలో పైవాడు పదిమందిలో ఆ మాట అన్నాడంటే, క్రిస్మస్‌కల్లా ఆ కోచ్ సామాన్లు సర్దుకుంటాడు. కానీ డెన్నీ అలాంటివాడు కాదు. తర్వాత కారు దగ్గరికి వచ్చి విడిగా చెప్పాడు కూడా.

"నవంబర్ పదిహేడున ఆ హార్లన్ కాలేజీవాళ్లని కొట్టు మెర్ల్. మిగతావన్నీ ఎలా పోయినా నేను చూసుకుంటా. హార్లన్ చేతిలో ఓడావంటే మాత్రం ఇక నావల్ల కాదు."

అంటే ఒక్క ఆట చాలు. ఇంటికొచ్చి లావోన్‌తో చెప్పాను. ఆమె పళ్లేలు తుడుస్తోంది.

"ఓడితే?"

"ఓడం."

"ఓడితే ఎనిమిదో ఊరా?"

ముప్పై ఒక్క ఏళ్లలో ఏడు కాలేజీలు, ఏడు ఊళ్లు. ఆరేళ్ల క్రితం ఈ నెబ్రాస్కా ఊరికి వచ్చినప్పుడు, ఇదే ఆఖరిదని మాటిచ్చాను.

"ఎనిమిదో ఊరు ఉండదు," అన్నాను.

ఆమె తుడిచిన పళ్లెం అరలో పెట్టింది. నమ్మిందన్నమాట.

సెప్టెంబర్ 23

ఓడాం. రెండో బోర్డు.

సెప్టెంబర్ 30

గెలిచాం. 10-7. అవతలివాళ్ల బస్సు దారిలో చెడిపోయి, తిండి తినకుండా నేరుగా మైదానంలోకి దిగారని కొందరు అంటున్నారు. అనేవాళ్లు అంటారు. గెలుపు గెలుపే.

ముంగిట్లో ఏమీ లేదు. రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను.

అక్టోబర్ 8

శనివారం ఓడాం. నిన్న మూడో బోర్డు. అవే బూట్లు.

ఈరోజు ప్రాక్టీసులో కోబ్జాని పక్కకి పిలిచాను.

"బాబూ, పార పట్టుకున్నప్పుడు నడుం బాగా వంచుతావు. మోకాళ్లు కూడా సరిగ్గా మడుస్తావు. ఆ వంపు ఇక్కడ కూడా చూపించరాదూ?"

"ఏ పార కోచ్?" అన్నాడు. మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఏదైనా పార."

ఆ తర్వాత గంటసేపు దున్నపోతులా ఆడాడు. బోర్డుల వల్ల ఒక లాభమైనా కలిగింది.

అక్టోబర్ 10

లావోన్ వంటింటికి రంగులు వేయిస్తోంది. నేలమాళిగలో కారే కుళాయికి కూడా మనిషిని పిలిపించింది. ఆరేళ్లుగా నేను రేపు చూస్తానంటున్న కుళాయి అది. ఈ ఇల్లు మేం నా ముందు కోచ్ దగ్గర కొన్నాం, అతను తన ముందు కోచ్ దగ్గర కొన్నాడు, స్టేడియం దగ్గరని. ముగ్గురు కోచ్‌లు బాగుచేయించని కుళాయిని ఆమె ఒక్క పూటలో బాగుచేయించింది.

"ఉన్నట్టుండి ఇప్పుడెందుకు?" అన్నాను.

"ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాల్సిందేగా," అంది.

ఈ ఊళ్లో ఉండిపోతామని ఆమెకి నాకంటే గట్టి నమ్మకం. ఈ వారం నాకు సంతోషం కలిగించింది ఇదొక్కటే.

అక్టోబర్ 14

ఓడాం. ఈసారి బోర్డు ఇనుపది. అచ్చు వేయించిన అక్షరాలు, కింద ఫోన్ నెంబరు, గాలికి ఊగే చిన్న పలక. చందాలు పోగు చేసినట్టున్నారు. కారు జాకీ పెట్టి లేపాల్సి వచ్చింది. నడుం పట్టేసింది.

అక్టోబర్ 16. మంగళవారం

మళ్లీ పాతారు. నిన్న సోమవారం. సోమవారం నేనే ఆటా ఓడలేదు. దేనికైనా ఒక హద్దుండాలి.

పోస్పిషిల్ గారు రోడ్డు దాటి మరీ వచ్చింది. "ఈసారి టై కట్టుకున్నాయన వచ్చాడు, పట్టపగలు. బోర్డు నిటారుగా ఉందో లేదో కొలిచి మరీ చూసుకున్నాడు."

టై అంటే పాత విద్యార్థే. లాయరో, బ్యాంకు మనిషో. వాళ్లు ఏ పనైనా పద్ధతిగా చేస్తారు.

టిఫిన్ దగ్గర లావోన్ అడిగింది. "ఆ బోర్డు పీకేశావా?"

"పీకేశాను."

నా వంక చాలాసేపు చూసింది. రొట్టెకి ఒకవైపు వెన్న రాసి, తిప్పి రెండోవైపు కూడా రాసింది. పాపం, నాకు జరిగే అవమానం ఆమెని లోపల తినేస్తోంది. పైకి చెప్పుకోదు.

అక్టోబర్ 18

మళ్లీ. పీకేశాను.

అక్టోబర్ 19

మళ్లీ. ఈసారి కింద సిమెంటు పోశారు. ఉండనీ. హార్లన్‌ని కొట్టాక ఊరందరి ముందు పగలగొడతాను.

అక్టోబర్ 28

వరసగా నాలుగో ఓటమి. దాని సంగతి వదిలేస్తే, ఈరోజు బాగానే గడిచింది.

మధ్యాహ్నం లావోన్ ఇల్లంతా ఊడ్చి, చిల్లీ కూర వండి, పక్కకి దాల్చినచెక్క రొట్టెలు చేసింది. ఎవరో వస్తారంది. చర్చివాళ్లు అనుకున్నాను. ఒక కుర్ర జంట వచ్చింది. అతని పేరు బ్రెంట్ ఆస్మస్, అయోవా నుంచి వచ్చాడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. తలకీ భుజాలకీ మధ్య మెడ ఉందో లేదో తెలియదు. భార్య కడుపుతో ఉంది. లావోన్ ఆమెకి ఇల్లంతా, బీరువాలతో సహా, తిప్పి చూపించింది. ఆడవాళ్లకి ఒకరి బీరువా ఇంకొకరు చూడటంలో ఏం ఆనందమో.

అతను నాతో కూర్చున్నాడు.

"ఇక్కణ్ణించి స్టేడియంకి ఎంతసేపు పడుతుందండీ?"

"గెలిస్తే నాలుగు నిమిషాలు. ఓడితే తొమ్మిది, వెనక వీధి గుండా రావాలి."

నవ్వాడు. నవ్వాల్సిన చోట నవ్వే కుర్రాళ్లు ఈ రోజుల్లో అరుదు. దాంతో నేను జట్టు గురించి మొదలుపెట్టాను. ఎవరి మోకాలు బాగాలేదు, ఎవడికి చదువులో మార్కులు తక్కువ, ఎవణ్ణి తిట్టాలి, ఎవణ్ణి తిట్టకూడదు, అన్నీ చెప్పాను. బంతిని దూరంగా తన్నేసేటప్పుడు మావాళ్లు నిలబడే వరసని కాగితం రుమాలు మీద గీసి చూపిస్తే, అతను పెన్సిల్ తీసుకుని ఇద్దరిని రెండడుగులు బయటికి జరిపాడు.

"ఇలా అయితే సందు మూసుకుపోతుంది కదండీ," అన్నాడు, వినయంగా.

నిజమే. ముప్పై ఒక్క ఏళ్లలో నాకు తట్టలేదు. బంగారంలాంటి కుర్రాడు. ఏం పని చేస్తావని అడగడం మర్చిపోయాను.

నవంబర్ 4

ఓడాం, కానీ ఒక్క పాయింటుతో. రుమాలు వరస బ్రహ్మాండంగా పనిచేసింది.

నవంబర్ 11

గెలిచాం. 20-14. రుమాలు వరసే గెలిపించింది. ఆ అయోవా కుర్రాడికి ఉత్తరం రాయాలి. లావోన్ దగ్గర చిరునామా ఉందట. ఎందుకుందో.

నవంబర్ 14

సిమెంటు బోర్డు మీద ఎవరో అడ్డంగా ఒక పట్టీ అంటించారు. 'అమ్ముడైంది'. అంటే నేను హార్లన్‌కి అమ్ముడుపోయానని ఎత్తిపొడుపు. కుర్రాళ్లలో హాస్యం ఉంది, కాదనను. ఆ తెలివి పరీక్షల్లో చూపిస్తే పోయేది.

నవంబర్ 17. శనివారం

17-19.

నవంబర్ 18

రాస్తాను. డాక్టర్ ఇలాంటి రోజు కోసమే రాయమని ఉంటాడు.

నాలుగు సెకన్లు మిగిలాయి. 17-16తో ముందున్నాం. కోబ్జా ఆ రోజంతా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. హార్లన్‌వాళ్లకి మిగిలింది ఒక్క తన్ను. నలభై ఒక్క గజాల దూరం నుంచి బంతిని రెండు కంబాల మధ్యగా తన్నితే వాళ్లకి మూడు పాయింట్లు, ఆట వాళ్లది. తప్పితే మాది. తన్నేవాడు పంతొమ్మిదేళ్ల బక్కవాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

నా చేతిలో ఒక్క టైమ్ అవుట్ మిగిలింది. తన్నబోయేవాడి ముందు ఆట ఆపించి, వాడు ఆలోచనలో పడి వణికేలా చెయ్యడం ఇప్పుడు పెద్ద కోచ్‌లందరూ చేస్తున్న పని. అదీ ముందు కాదు, బంతి కదిలే క్షణంలో అడగాలి. నేను వెళ్లి రెఫరీ చెవి పక్కన నిలబడ్డాను. బంతి కదలబోతుండగా అడిగాను.

అంత గోలలో ఎవరికీ ఈల వినిపించలేదు. వాడు తన్నాడు. బంతి ఎడమ కంబానికి ఠంగున తగిలి కింద పడింది.

మావాళ్లు మైదానంలోకి ఉరికారు. ఇద్దరు ఐసునీళ్లు కలిపిన నారింజ రసం పీపా తెచ్చి నా నెత్తిన గుమ్మరించారు. పెద్ద ఆట గెలిచిన కోచ్‌కి జరిగే మర్యాద అది, ముప్పై ఒక్క ఏళ్లలో నాకు మూడోసారి. బ్యాండు మోగింది. నేను దంతవైద్యుణ్ణి కావలించుకున్నాను.

అప్పుడు రెఫరీ వచ్చి నా భుజం తట్టాడు. "కోచ్, మీరు టైమ్ అవుట్ అడిగారు."

"లేదు," అన్నాను.

"అడిగారు కోచ్. ఇచ్చాను కూడా. ఆ తన్ను లెక్కలోకి రాదు."

రెండోసారి ఆ బక్కవాడు నవ్వుతూ తన్నాడు. సరిగ్గా మధ్యలోంచి పోయింది. చెరపకురా చెడేవు అంటారు. నేను నారింజ రసం కారుతూ హార్లన్ కోచ్ చేయి పట్టుకుని ఊపాను. ఇద్దరి చేతులూ కాసేపు అతుక్కుపోయాయి.

తొమ్మిది నిమిషాల దారిలో ఇంటికొచ్చాను.

ఈరోజు పొద్దున సుత్తి తీసుకుని ఆ సిమెంటు బోర్డు దగ్గరికి వెళ్లాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. ఆడలేనివాడు మద్దెల పగలగొట్టడమే అది. రెండు దెబ్బలు వేశాక లావోన్ గౌను మీదే బయటికి వచ్చింది.

"దాన్ని వదిలెయ్ మెర్ల్. అది నాది."

"ఏది?"

"బోర్డు. నేనే పెట్టించాను. చెక్కవి మూడూ కోబ్జావి, ఇనపవన్నీ నావి. నువ్వు పీకినప్పుడల్లా ఆ ఇళ్ల బ్రోకరు మళ్లీ వచ్చి పాతాడు. ఆఖరికి సిమెంటు పొయ్యమని నేనే చెప్పాను."

సుత్తి కింద పెట్టాను.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నువ్వు హార్లన్ ఆట వీడియో చూస్తున్నావు. సరే, సరే అన్నావు. కాగితాల మీద సంతకం కూడా పెట్టావు."

పెట్టానా? పెట్టే ఉంటాను. ఆటల సీజన్లో నా ముందు ఏ కాగితం పెట్టినా సంతకం పెడతాను.

"ఎవరు కొన్నారు?"

"ఆస్మస్ వాళ్లు."

మంచి కుర్రాడు, ఇల్లు మంచివాళ్ల చేతిలో పడిందనుకున్నాను. అప్పటికి నా బుర్ర అంతవరకే పనిచేసింది.

నవంబర్ 19

డెన్నీ నన్ను తీసేశాడు. చాలా మర్యాదగా తీసేశాడు, కాఫీ పోసి మరీ.

ఒక్కటే అడిగాను. "నేను ఆ టైమ్ అవుట్ అడక్కపోయుంటే నన్ను ఉంచేవాడివా?"

కిటికీలోంచి పార్కింగ్ స్థలం వంక చూస్తూ ఏదో చెప్పాడు. అది ఇక్కడ రాయను.

నవంబర్ 21

పేపర్లో కొత్త కోచ్ ఫోటో వేశారు. మెడ లేదు.

మోకాళ్ల సంగతి, మార్కుల సంగతి, అన్నీ అతనికి నేనే అప్పజెప్పాను. మా ఆవిడ వండిన చిల్లీ పెట్టి మరీ. మూలిగే నక్క మీద తాటిపండు పడిందంటారు. ఈ నక్క చెట్టెక్కి తానే కోసుకుంది.

పేపరు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. "అతను కోచ్ అని నీకు తెలుసా?"

"వచ్చిన రోజే తెలిసింది. స్టేడియంకి ఎంతసేపని కోచ్ కానివాడు ఎవడైనా అడుగుతాడా? ఆరేళ్ల క్రితం నువ్వు ఈ ఇంట్లో అడుగుపెట్టి మొదట అడిగింది అదే. పడకగదులు ఎన్నని కూడా అడగలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ మిగిలిన మూడు ఆటలూ ఆడించేవాడివా?"

ఆడించేవాణ్ణి కాదు. ఆ 20-14 గెలుపు ఉండేది కాదు. హార్లన్ మీద ఆ నాలుగు సెకన్లు కూడా ఉండేవి కాదు. నాకు కోపం రావాల్సింది. వెళ్లి స్నానాల గది తలుపేసుకుని ఏడ్చాను. ఆమె తలుపు కొట్టలేదు. బయట నిలబడి ఉందని మాత్రం తెలుసు.

నవంబర్ 25

ఫెర్రిస్ ఫోన్ చేశాడు. కాన్సస్‌లో నా దగ్గర పనిచేసినవాడు, ఇప్పుడు టెక్సస్‌లో పెద్ద కాలేజీకి కోచ్. రక్షణ జట్టుకి ఒక సహాయకుడు కావాలట. "మెర్ల్, జనవరి రెండున వచ్చెయ్. నీకు ముప్పై వేలమంది చూసే స్టేడియం ఇస్తా." రెండు రోజుల్లో చెప్పమన్నాడు.

ముప్పై వేలమంది. ఇక్కడ వర్షం పడితే బ్యాండువాళ్లని కూడా కలిపి తొమ్మిది వందలు.

లావోన్‌తో చెప్పాను. తలూపింది.

"వెళ్తావా?"

"నువ్వొస్తావా?"

"నేను రాను మెర్ల్. మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ కొట్టు పైన మూడు గదులు తీసుకున్నాను. జనవరి నుంచి లైబ్రరీలో పూర్తి రోజు పని. నువ్వు హార్లన్ మీద గెలిచినా అక్కడికే, ఓడినా అక్కడికే. నీ స్కోరుని బట్టి ఏడుసార్లు మారాను. ఎనిమిదోసారి నా లెక్కన మారుతున్నాను, అదీ నాలుగు వీధుల అవతలికే."

"అయితే నన్ను వెళ్లొద్దంటావు."

"అనలేదే. నీ కోటు పెట్టుకోవడానికి అరలో చోటుంచాను. నువ్వు లేకపోతే ఆ అరలో ఇస్త్రీ బల్ల పెడతాను."

నవంబర్ 26

రోజంతా కాగితం మీద రెండు వరసలు రాశాను. టెక్సస్ వైపు పదకొండు కారణాలు. ఇక్కడ ఒక్కటే, ఇస్త్రీ బల్ల.

సాయంత్రం ఫెర్రిస్‌కి ఫోన్ చేశాను. రానన్నాను.

"ఏమైంది? లావోన్ బెదిరించిందా?"

"లేదు."

"ఏడ్చిందా?"

"లేదు. ఉండమని కూడా అనలేదు ఫెర్రిస్. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. నాకు అది నిన్ననే తెలిసింది."

 తర్వాత, నిన్న నేను గొప్పగా చెప్పిన ఆ అయోవా కుర్రాడి రుమాలు వరస ఎలా ఉంటుందో చెప్పమన్నాడు. ఫోన్లోనే చెప్పాను. వాడూ కోచే కదా.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే, పాత దినపత్రికల్లో పింగాణీ గిన్నెలు చుడుతూ లావోన్ గుమ్మంలో ఉంది.   చేతిలో ఉన్న గిన్నెనే మూడుసార్లు చుట్టింది.

డిసెంబర్ 15. శనివారం

ఇల్లు మారాం. కొట్టు పైన మూడు గదులు, ఇరుకు మెట్లు, కింద మేకుల వాసన. ఇంటి ముందు గడ్డి లేదు, రోడ్డే. పిన్ను గుచ్చడానికి కూడా చోటు లేదు.

గదులన్నీ తిరిగాను. వంటింటి కిటికీలోంచి ధాన్యం గోదాము కనిపిస్తుంది. ముందు గదిలోంచి బ్యాంకు. పడకగదిలోంచి చర్చి గోపురం.

"వీటిల్లో ఎక్కణ్ణించీ స్టేడియం కనిపించదు," అన్నాను.

"అందుకే తీసుకున్నాను," అంది లావోన్.

సంతోషంగా ఉన్నాను. ఇది మాట వరసకి రాయడం లేదు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి నేను ఇంట్లో కూర్చుని సూపు తాగుతూ, భార్య చెప్పేది మొదటి నుంచి చివరి దాకా వినడం, నా పెళ్లయ్యాక బహుశా ఇదే మొదటిసారి. లైబ్రరీలో ఎవరో పుస్తకంలో గుర్తు కోసం ఉప్పుచేప ముక్క పెట్టారట. చాలాసేపు నవ్వుకున్నాం.

స్నానాల గదిలో తొట్టి అంచు మీద నిలబడి, కుడిచేత్తో తెర కడ్డీ పట్టుకుని, ఆ పైనున్న చిన్న గాలి కిటికీలోంచి మెడ చాస్తే, గోదాము పక్క సందులోంచి స్కోరుబోర్డు పై మూల కొంచెం కనిపిస్తుంది. మన జట్టు అంకెలు కనిపిస్తాయి, అవతలివాళ్లవి కనిపించవు.

ఇది లావోన్‌కి చెప్పలేదు.